అల దగ్గర ఆగిపోయే రిసీవరు

చిరంజీవి పిచ్చుకకి,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే మీ నాన్న, నేను. ఇద్దరు మనుషులకి ‘అందరం’ అనొచ్చా అని కలం ఒక్క క్షణం ఆగింది కానీ, ఉత్తరం మొదట్లోనే దిద్దుకుంటూ కూచుంటే ఇది ఎప్పటికి పూర్తవుతుంది? క్షేమం అన్న మాటని కూడా కాస్త చూసీ చూడనట్టు చదువుకో. అక్కడ నువ్వూ, నువ్వు కడుతున్న వంతెనా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. “ఆ కొండల్లో నాకు సిగ్నలు దొరికేదే అరుదు, దొరికినప్పుడు నువ్వేమో బాగున్నాం బాగున్నాం అని పెట్టేస్తావు పిన్నీ. అదే కాగితం మీదైతే పేజీ నింపాలి. అబద్ధాలతో అంత నింపలేవు” అని రాశావు. ఎందుకు నింపలేను? ఇన్నేళ్ళుగా పిల్లలకి స్టాటిస్టిక్సు చెప్తున్నాను. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఎదుటివాళ్ళని ఎలా నమ్మించవచ్చో మా శాఖకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నీకు పోయినసారి రాసిన ఉత్తరం అలాంటిదే. అందులో అబద్ధం లేదు. చెప్పాల్సింది కూడా లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ గది కిటికీ తలుపు బాగు చేయించాను, ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు. నువ్వు వదిలేసి వెళ్ళిన నల్ల స్వెట్టరు మీ నాన్న వేసుకుంటున్నారు. కుడి చెయ్యి దూర్చడానికి ఇద్దరం కుస్తీ పట్టాల్సి వస్తోంది, పోనీ వదులుగా ఉన్నది ఇస్తే విసిరికొడుతున్నారు. నడక మెరుగు. హాల్లోంచి వంటింటిదాకా గోడ పట్టుకోకుండా వస్తున్నారు. వచ్చి, ఎందుకొచ్చారో చెప్పలేక గుమ్మంలో నిలబడతారు. నేను మంచినీళ్ళా, కాఫీనా, మందా అని వరసగా అడుగుతాను. ఏదో ఒకదానికి తల ఊపుతారు. ఒక్కోసారి నన్ను సంతోషపెట్టడానికే ఊపుతున్నారేమో అని నా అనుమానం. నాకేమో అన్నీ అనుమానాలే, నీకు తెలుసుగా.

మాట సంగతి అడిగావు. అది చివర రాస్తాను. చివర అన్నానని చివరికి గెంతకు. కొత్త పుస్తకం చేతికి రాగానే ఆఖరి పేజీ చదివేసే పిల్లవి నువ్వు.

ఇక స్పీకర్లని పలికించే ఆ పెట్టె, రిసీవరు. “అది మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోంది? అమ్మ స్పీకర్ల వెనక ప్లేటు మీద ఎన్ని ఓమ్‌లని రాసుందో చూడమంటే ఎందుకు చూడవు?” అని రెండు ప్రశ్నలూ కలిపి, కింద గీత కూడా గీశావు. గీత చూసి భయపడ్డాను. జవాబు చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

పక్షవాతం వచ్చాక మీ నాన్న ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆయన దగ్గర మిగిలింది ‘అదీ’ అన్న ఒక్క మాటే అని నువ్వు చూసే వెళ్ళావు. కాఫీ అదీ, కిటికీ అదీ, నేనూ అదీ. ఆఫీసులో నీటి పైపుల మీద గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి. పెళ్ళైన కొత్తలో ఈ మనిషికి ఎక్కడైనా మీట ఉంటే బాగుణ్ణు, కాసేపు కట్టేద్దును అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మీట ఎక్కడుందో వెతుకుతున్నాను.

వారానికి రెండుసార్లు మాటల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. చిన్నపిల్ల, నీకంటే రెండుమూడేళ్ళు పెద్దదేమో. మొదటిరోజే అడిగింది: “ఇంట్లో బాగా నడిచిన సినిమాలేవైనా ఉన్నాయా మేడమ్? వంద సార్లు చూసినవి? కొత్తవి పెట్టకండి. ఆయనకి కంఠతా వచ్చినవి పెట్టండి. మామూలుగా చూసినట్టే, మామూలుగా కూచునే చోటే.”

నాకు వెంటనే తుఫాను సినిమా గుర్తొచ్చింది. మీ అమ్మ పోయాక నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, నాతో నువ్వు మాట్లాడిన మొట్టమొదటి పెద్ద వాక్యం దాని గురించే. అంతకుముందు నీ మాటలన్నీ ‘ఊఁ’, ‘ఉహూఁ’, ‘నాకొద్దు’. ఆ రోజు ఎందుకో దయ తలచి, “ఇందులో ఓడ మీదికి పెద్ద అల వస్తుంది, అప్పుడు నేను సోఫా వెనక కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని, అమ్మ లేచెళ్ళి సౌండు తగ్గించేసేది” అన్నావు. అని, ఎక్కువ చెప్పేశానే అన్నట్టు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నావు. ఆ తర్వాత ఆ డిస్కు ఎవరూ పెట్టలేదు. టీవీలో ఉన్న చిన్న స్పీకర్లే మనకి చాలాయి. ఆ పెద్ద స్పీకర్లు అలా నిలబడి ఉండేవి, పొడుగ్గా, నల్లగా, ఇంట్లో మనుషుల్లాగా. పదిహేనేళ్ళుగా వాటి మీద దుమ్ము తుడుస్తున్నాను. వాటి చోటు మాత్రం జరపలేదు. మీ అమ్మ ఎక్కడ పెట్టించిందో అక్కడే.

సరే, డిస్కు దొరికింది. పాత రిసీవరు మీట నొక్కాను. లోపల ఏదో టప్పుమంది, కాలిన వాసన వచ్చింది. రిపేరు షాపతను మూత విప్పి చూసి, ఇంట్లో చావు జరిగినవాళ్ళతో మాట్లాడే గొంతు పెట్టాడు. “దీని సామాన్లు ఇప్పుడు రావడం లేదండీ.”

కొత్తది కొందామని వెళ్ళాను. దుకాణంలో ఒక గోడ నిండా రిసీవర్లే. అన్నీ నల్లవే, అన్నిటికీ ఒకే రకం గుండ్రటి మీట. అమ్మే అబ్బాయి చాలా ఉత్సాహంగా ఉన్నాడు.

“ఎన్ని స్పీకర్లు మేడమ్ మీకు?”

“ముందు రెండు, మధ్యలో ఒకటి, వెనక రెండు.”

“అయిదేనా! ఇప్పుడందరూ సీలింగుకి కూడా పెట్టించుకుంటున్నారు మేడమ్. వాన పడితే వాన నిజంగా నెత్తిమీదే పడినట్టుంటుంది.”

“మా సీలింగు మీద పైవాళ్ళుంటారు బాబూ. వాళ్ళ పిల్లలు దూకితే పిడుగులు కూడా పడతాయి.”

నవ్వాడు. తర్వాత ఓమ్‌లెన్ని అన్నాడు. నాకు తెలియదన్నాను. “స్పీకరు వెనక ప్లేటు మీద రాసుంటుంది మేడమ్. చూసి చెప్పండి. అది చూడకుండా తీసుకోకూడదు.”

ఇంటికొచ్చి, ఎడమవైపుదాన్ని కాస్త తిప్పి, టార్చి వేసి చూశాను. ప్లేటు కనిపించలేదు. ప్లేటు మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంది. ‘ఎడమ’ అని రాసి ఉంది. రెండోదాని మీద ‘కుడి’. గుండ్రటి అక్షరాలు, ఒకదానికొకటి తగలకుండా, నల్లబల్ల మీద చివరి బెంచీకి కూడా కనపడేలా రాసే అలవాటున్న చేతి అక్షరాలు. పైన అడ్డంగా టేపు. టేపు పసుపు రంగుకి తిరిగి గట్టిపడిపోయింది. తీగలు కలిపేవాళ్ళు తికమకపడకుండా మీ అమ్మ అంటించి ఉంటుంది. అంటించడానికి ఆవిడకి చదునుగా దొరికిన చోటు ఆ ప్లేటే.

టేపు అంచు కింద గోరు పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను. అది లేస్తే అక్షరాలతో సహా లేస్తుందని అర్థమైంది. ఈ ఇంట్లో ఆవిడ చేతిరాత ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. అడగడానికి మీ నాన్నకి మాట లేదు, నువ్వు దగ్గర లేవు. స్పీకరుని మళ్ళీ గోడవైపు తిప్పేశాను.

మర్నాడు దుకాణానికి వెళ్ళి, “ప్లేటు కనపడటం లేదు” అన్నాను. అదీ నిజమే, చూశావా.

“సాధారణంగా ఎనిమిదే ఉంటాయి మేడమ్.”

‘సాధారణంగా’ అన్న మాట క్లాసులో ఎవరైనా వాడితే బోర్డు దగ్గరికి పిలిచి, ఎంతమందిని చూసి చెప్తున్నావు నాయనా అని నిలదీస్తాను. ఆ రోజు మాత్రం ఆ మాట పట్టుకుని వేలాడాను. వాట్లు చూశాను, వెనక ఎన్ని కన్నాలున్నాయో చూశాను, వారంటీ చూశాను. రాత్రి కూచుని పోల్చుకున్న నా పట్టికలో అన్ని గళ్ళూ నిండాయి, ఓమ్‌ల గడి తప్ప. అందులో ఎనిమిది అని నేనే రాసేశాను. కొనేశాను.

ఆదివారం సాయంత్రం మీ నాన్నని ఆయన కుర్చీలో కూచోబెట్టి తుఫాను సినిమా పెట్టాను. అంతా బాగానే నడిచింది. ఓడవాళ్ళ ముచ్చట్లు, గాలి, మబ్బులు. ఆ పాత స్పీకర్లలోంచి గాలి వీస్తుంటే నా చీర కొంగు కదులుతుందేమో అని చూసుకున్నాను, అంత బాగుంది. తర్వాత సముద్రం చప్పుడు లోపలినుంచి పొంగుతూ వచ్చింది, అల లేచింది, ఓడ మీదికి వంగింది, సరిగ్గా అక్కడ రిసీవరు టక్కుమని ఆగిపోయింది. తెర మీద అల విరిగి పడుతూనే ఉంది, చప్పుడు లేకుండా. రిసీవరు మీద ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతోంది.

ఇప్పుడు రాయాల్సింది రాయాలి. చివర రాస్తానన్నది ఇదే. పూర్తిగా చివర కాదులే.

ఆ నిశ్శబ్దంలో మీ నాన్న మాట్లాడారు.

“సరే టీచరమ్మా, తగ్గిస్తాలే.”

నత్తి లేదు, తడబాటు లేదు. పాత గొంతు, కాస్త విసుగు, విసుగు కింద నవ్వు. నేను కాఫీ కప్పుతో వంటింటి గుమ్మంలో ఉన్నాను. నా వైపు చూడలేదు. రిసీవరున్న బల్ల పక్కన ఖాళీ చోటు కేసి చూస్తున్నారు. కిందకి కాదు, ఒక మనిషి నిలబడితే మొహం ఉండే ఎత్తుకి.

ఆయన మీ అమ్మని టీచరమ్మా అని పిలిచేవారని నాకప్పటిదాకా తెలియదు. నన్ను ఏమోయ్ ప్రొఫెసరూ అంటారు. అనేవారు. నేను ప్రొఫెసర్ని కానని తెలిసీ, రాని ప్రమోషను ఇంట్లోనే ఇచ్చేసి ఏడిపించేవారు.

ఇది జరిగి రెండు నెలలవుతోంది, పిచ్చుకా. మీ నాన్న మాట్లాడారని నేను నీకు చెప్పలేదు. ఫోనులో “నాన్న ఏమైనా అంటున్నారా?” అని నువ్వడిగిన ప్రతిసారీ “అదీ అంటున్నారు” అన్నాను. ఎందుకు దాచానో నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలానే ఉన్నాయి. ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని నీకు ఆశ పెట్టకూడదని. ఉన్నపళాన పని వదిలేసి పరిగెత్తుకొస్తావని. ఇవి అబద్ధాలు కావు. వీటి వెనక ఇంకొకటుంది. అన్ని నెలలు ఆయన నోట్లో ముద్ద పెట్టి, మూతి తుడిచి, గుండీలు పెట్టి, పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ మేలుకున్నదాన్ని నేను. మొదటి మాట వచ్చి నా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఏడవలేదని రాయను. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడుస్తూనే, సంతోషంతోనేమో అని కూడా అనుకున్నాను. ఏది ఎంత శాతమో తేల్చలేకపోయాను.

మర్నాడు అదే చోటికి తెచ్చి మళ్ళీ పెట్టాను. అల లేచింది, రిసీవరు ఆగింది. “సరే టీచరమ్మా, తగ్గిస్తాలే.” రెండు రోజులు ఆగి మళ్ళీ. మళ్ళీ అదే. సొంత మొగుడి మీద ప్రయోగాలు చేస్తున్నావా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మాటల డాక్టరమ్మకి చెప్తే కుర్చీలోంచి లేచి నిలబడింది. బాగా అలవాటుపడ్డ మాటలు మామూలు మాటల దారిన కాక వేరే దారిన బయటికి వస్తాయట. “ఒక్కటొచ్చిందంటే దాని చెయ్యి పట్టుకుని ఇంకోటి రావచ్చు మేడమ్. వస్తుందని నేను రాసివ్వలేను. ఆ చోటు మాత్రం వదలకండి” అంది.

అదే వారం ఫిజిక్సు శాఖలో నా స్నేహితురాలు మీటరు పట్టుకుని ఇంటికి వచ్చింది. ప్లేటు చదవకుండానే ఓమ్‌లు తెలుస్తాయంది. స్పీకరు తీగలకి మీటరు ఆనించి చూసింది.

“ఇవి నాలుగు ఓమ్‌లవే తల్లీ. నువ్వు కొన్న పెట్టె ఎనిమిదికి చేసినది.”

“అయితే?”

“ఓమ్‌లు తక్కువ కాబట్టి ఇవి ఎక్కువ కరెంటు తాగుతాయి. అల లాంటి పెద్ద చప్పుడొచ్చినప్పుడు ఒక్కసారిగా అడుగుతాయి. దీనికి అంత ఇచ్చే ఓపిక లేదు. తను కాలిపోకుండా తనే ఆపేసుకుంటోంది. దుకాణంవాళ్ళు మార్చిస్తారు, రేపే పట్టుకెళ్ళు.”

“పట్టుకెళ్తాను.”

నా మొహం కేసి కాసేపు చూసింది. “నువ్వు పట్టుకెళ్ళవు. ఏంటి సంగతి?”

చెప్పాను. ఆమె మీటరు తీగలు చుట్టి సంచిలో పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, “ఓపిక లేని పెట్టె గొంతు చించుకుంటుంటే ముందు పాడయ్యేది పెట్టె కాదు, ఆ స్పీకర్లలో పైన ఉంటాయే, సన్నటి శబ్దాలు పలికే చిన్నవి, అవి. అవి పోతే నువ్వు మళ్ళీ తేలేవు” అంది.

అంటే, నువ్వు నాకు ఉత్తరంలో నేర్పిన పాఠమంతా నాకు అప్పటికే వచ్చు. పేచీ ఓమ్‌ల దగ్గరే ఉందని తెలుసు. తప్పు రిసీవరుని తెలిసే ఉంచుకున్నాను. అది ఆగితేనే ఆయన మాట్లాడుతున్నారు. అది ఆగినప్పుడల్లా మీ అమ్మ సోఫాలోంచి లేచి వెళ్ళి ఆపుతోంది ఆయనకి. చేతకాని ఆ పెట్టె నావల్ల కాని పని చేస్తోంది. దాన్ని పట్టుకెళ్ళి మార్చుకు రమ్మంటే కాళ్ళెలా కదులుతాయి?

అలా నడిపాను. పోయిన నెల చివర్లో ఎడమ స్పీకరు పైభాగంలో గరగర మొదలైంది. గాలి వీచే చోట గాలితో పాటు ఇసుక రాలుతున్నట్టు. మొదట డిస్కు మురికనుకున్నాను, తుడిచాను. టీవీ అనుకున్నాను. అనుమానాలన్నీ నాకు ముందే వచ్చేస్తాయి, ఒక్క నిజమైన అనుమానం తప్ప. మీ నాన్న నోట ఆవిడని పిలిపించడానికి ఆవిడ స్పీకర్లని నేను కొంచెం కొంచెంగా చంపుతున్నాను. నీ అనుమతి లేకుండా. ‘అమ్మ స్పీకర్లు జాగ్రత్త పిన్నీ’ అని నువ్వు ప్రతి ఉత్తరంలో అడుగున రాస్తుంటే.

సరిగ్గా అప్పుడు, ఎన్ని ఓమ్‌లైనా తట్టుకుంటుందంటూ నువ్వు పంపిన కొత్త రిసీవరు వచ్చింది. తెచ్చినతను గుమ్మంలో దింపి, “రాళ్ళు తెప్పించుకున్నారా అమ్మా?” అన్నాడు. బరువు చూస్తేనే మంచిదని తెలుస్తుందని నువ్వు రాశావు కదా, తెలిసింది, నడుముకి తెలిసింది. మూడు రోజులు ఆ పెట్టె విప్పలేదు. దాని పక్కనుంచి నడుస్తూ, దానికి తగలకుండా ఒదిగి నడుస్తూ, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించనట్టు తిరిగాను. నాలుగోరోజు పొద్దున గరగర గుర్తొచ్చింది. విప్పాను.

తీగలు మీ అమ్మ రాసిన కాగితాలు చూసే కలిపాను. ఎడమది ఎడమకి, కుడిది కుడికి. కాగితాలు ఇంకా అక్కడే ఉన్నాయి. నువ్వు వచ్చినప్పుడు తియ్యాలనిపిస్తే నువ్వే తియ్యి.

దానితో పాటు చిన్న మైకు వచ్చింది. మనం కూచునే చోట అది పెడితే, స్పీకర్లు ఒక్కొక్కటీ కూతపెట్టి గదిని కొలుచుకుంటాయట. ‘కొలత పూర్తయ్యేవరకు గదిలో ఎవరూ మాట్లాడకండి’ అని తెర మీద వచ్చింది. మీ నాన్న, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇంటికి ఇదేం కష్టమైన షరతు? ఆయన కూడా అదే అనుకున్నారేమో, పెదవి ఒక పక్క కదిలింది. అది నవ్వేనని నమ్ముతున్నాను.

తుఫాను సినిమా పెట్టాను. అల లేచింది, వంగింది, విరిగింది. ఆగలేదు. ఆ అల పూర్తి చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. బీరువాలో గ్లాసులు గలగలలాడాయి. గరగర లేదు. పైన చిన్నవి పోలేదింకా, మీ అమ్మ స్పీకరు బతికే ఉంది. నీ ఎంపిక సరైనది, నాది తప్పు. అది ఒప్పుకోవడం నాకేమీ కష్టం కాదు.

మీ నాన్న ఏమీ అనలేదు. ఎదురుచూశారు. అల దాటిపోయింది, ఓడ తేలింది, జనం ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. ఆయన తెర వైపు చూడటం లేదు. బల్ల పక్కన ఆ ఖాళీ చోటు కేసి ఎడమ చెయ్యి ఎత్తి, “అదీ… అదీ…” అన్నారు. ఎవరొస్తారు? సినిమా అయిపోయేదాకా ఆ చోటునే చూస్తూ ఉన్నారు. నిన్నటిదాకా వచ్చినావిడ ఇవాళ ఎందుకు రాలేదో ఆయనకి నేనెలా చెప్పను? రిసీవరు బాగుపడింది కాబట్టి అనా?

రెండు రోజులు ఆలోచించాను. ఇది మోసమా కాదా అని అటూ ఇటూ వాదించుకున్నాను. రెండు పక్షాలూ నావే కాబట్టి వాదన తెగలేదు. మూడోరోజు సాయంత్రం సినిమా పెట్టి నేనూ కూచున్నాను. సముద్రం పొంగుతూ వచ్చింది. అల లేస్తుండగా లేచాను. బల్ల దగ్గరికి వెళ్ళి, సరిగ్గా ఆ ఖాళీ చోట నిలబడి, గుండ్రటి మీట పట్టుకుని తిప్పేశాను.

“సరే టీచరమ్మా, తగ్గిస్తాలే.”

ఇంతకుముందు ఆ మాట ఎవరూ లేని చోటికి వెళ్ళేది. ఈసారి నా మొహం మీదికి వచ్చింది. కళ్ళు నా కళ్ళలోకే చూస్తున్నాయి. అందులో ఎంత సంతోషం ఉందో చెప్తే నువ్వు తట్టుకోలేవు. నేను తట్టుకున్నానో లేదో తెలియదు.

“ఊఁ” అన్నాను.

పిచ్చుకా, నేను మీ అమ్మ పిలుపుకి పలికాను. దాచుకున్న అసలు సంగతి ఇది. మిగతావన్నీ దీని దగ్గరికి రావడానికి రాసినవే. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాకు నేను ఒక మాట ఇచ్చుకున్నాను, ఆవిడ చోటు తీసుకోకూడదు, పక్కన ఒక కుర్చీ వేసుకుని కూచోవాలని. అందుకే నీ చేత అమ్మా అనిపించుకోలేదు. పిన్ని చాలనుకున్నాను, నిజంగానే చాలింది. ఇప్పుడేమో వెళ్ళి ఆవిడ నిలబడే చోట నిలబడ్డాను. ఆయన కోసమని చెప్పుకుంటున్నాను. ఆ కళ్ళు నాకేసి అలా చూడాలన్న ఆశ నాకు లేదని ఎవరిమీద ఒట్టు పెట్టను?

కానీ విను. అక్కడితో ఆగలేదు. నేను ‘ఊఁ’ అన్నాక ఆయన ఎదురుచూశారు. భుజాలు కాస్త ముందుకి వచ్చాయి, నోరు కొద్దిగా తెరిచి, తన వంతు ఎప్పుడొస్తుందా అని నాటకంలో తెర పక్కన నిలబడ్డ మనిషిలా. మీ అమ్మ ఇంకేదో అనేది. దానికి ఆయన దగ్గర జవాబుంది. పెదవుల చివరి దాకా వచ్చి ఉంది, నేను చూశాను. మధ్యలో మాట నా దగ్గర లేదు.

తోచినవన్నీ అన్నాను. “తగ్గించండి మరి” అన్నాను. తల అడ్డంగా ఊపారు. “రోజూ ఇదే గొడవ” అన్నాను. ఊపారు. “పిల్ల భయపడుతోంది” అన్నాను. కొంచెం ఆగి, కళ్ళు చిట్లించి, దగ్గరికొచ్చావు కానీ అది కాదు అన్నట్టు మళ్ళీ ఊపారు. తప్పు చెప్పిన పిల్లకి మాస్టారు ఇంకో అవకాశం ఇచ్చినట్టు ఓపిగ్గా చూశారు. నా దగ్గర ఇంకేమీ లేకపోయేసరికి భుజాలు వెనక్కి వాలిపోయాయి. “అదీ” అన్నారు. రోజూ ఇంతే. రోజూ అదే గడప దాకా వస్తారు. అక్కడ తలుపు తియ్యాల్సినదాన్ని నేను, నాకు తాళం లేదు. మాటల డాక్టరమ్మ కూడా అదే అంది. “ఆ మధ్య మాట ఎవరికి తెలుసు మేడమ్?”

ఒక్కళ్ళకే తెలుసు.

నీకు కోపం వస్తే రాయి. ఎంత కోపం వస్తే అంత రాయి, కింద గీతలు కూడా గీయి. రాయకుండా మాత్రం ఉండకు. అది మీ అమ్మ నీకు వదిలి వెళ్ళిన మాట. నా నోట పడటం నీకు ఇష్టం లేకపోతే నాకు చెప్పకు, నీ దగ్గరే ఉంచుకో. సెలవు దొరికినప్పుడు వచ్చి, మీట తిప్పి నువ్వే అను. నేను వంటింట్లో ఉంటాను. కానీ వంతెన పని ఎండాకాలం దాటితే గానీ అవ్వదని రాశావు, ఆయన పెదవుల దగ్గరున్నది అంతకాలం ఉంటుందో వెనక్కి వెళ్ళిపోతుందో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోతోంది. అందుకే అడుగుతున్నాను.

సోఫా వెనక కళ్ళు గట్టిగా మూసుకునేదాన్నని చెప్పావు ఆ రోజు. చెవులు మూసుకున్నానని చెప్పలేదు. నాన్న “సరే టీచరమ్మా, తగ్గిస్తాలే” అన్నాక మీ అమ్మ ఏమనేది?

డిస్కు అల దగ్గరే ఆపి ఉంచాను.

ఇట్లు,
నీ పిన్ని